మూడుసార్లు కట్టిన గ్యాస్

కాసులమ్మ చేటలో మినప్పప్పు ఏరుతోంది. నిన్న ఒకసారి ఏరి డబ్బాలో పోసిన పప్పే. ఒక మట్టిబెడ్డ దొరికిందంటే దాని తోబుట్టువులు ఎక్కడో దాక్కునే ఉంటాయని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం పుణ్యమా అని ఇరవయ్యేళ్ళలో ఆ ఇంట్లో ఎవరి పంటి కిందా రాయి పడలేదు. కాసులమ్మ చేతి శుభ్రం గురించి బరంపురం దగ్గరి దిగపహండిలో ఆ వీధి వీధంతా గొప్పగా చెప్పుకుంటుంది.

"అమ్మా, గేసు కట్టీసేనా?" వంటింట్లోంచి కూతురు పుణ్యవతి అడిగింది.

"కట్టీసేవమ్మా."

"గేసు కట్టీసేనా?"

"కట్టీసేవమ్మా."

మూడోసారి జవాబు చెప్పబోతుంటే మినప పొట్టు గొంతుకి అడ్డం పడి కాసులమ్మ దగ్గింది. దాంతో వ్యవహారం చెడింది. దగ్గు కలిసిన జవాబు చెల్లదు. మూడు జవాబులూ ఒకే గొంతుతో, ఒకదాని వెంట ఒకటి రావాలి. మధ్యలో దగ్గినా, తుమ్మినా, కుక్కని అదిలించినా మళ్ళీ ఒకటి నుంచి మొదలు. పుణ్యవతి వంటింట్లోకి వెనక్కి వెళ్ళి, గ్యాసు బండ మీది మీట తిప్పి చూసి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, గేసు కట్టీసేనా?"

రెండో విడత మూడు జవాబులూ పూర్తయ్యేసరికి బరంపురం బస్సు హారన్ కొట్టుకుంటూ వీధి మలుపు దాటిపోయింది.

పుణ్యవతి సంచి దించి పెరటి గుమ్మంలో కూర్చుంది. ఆమెకి ఇరవై రెండేళ్ళు. బరంపురంలో టీచర్ ట్రైనింగు రెండో ఏడు చదువుతోంది. బస్సు దాటిపోయిన రోజున ఆమె ఏడవదు, ఎవరినీ ఏమీ అనదు. పొడుగు చేతుల జాకెట్టు మోచేతి దాకా మడుచుకుని, చేతి మీద వేళ్ళతో తడుముకుంటుంది. ఎక్కడైనా గరుకు తగిలితే గోటితో గిల్లుతుంది. గిల్లినచోట పక్కు కడుతుంది. పక్కు గరుకే కదా, దాన్నీ గిల్లాలి. తల్లి పప్పులో బెడ్డలు ఏరినట్టే ఏరుతుంది. కాకపోతే ఆమెకి చేటా, పప్పూ రెండూ ఆ చెయ్యే.

ఈ సంగతి ఇంట్లో వాళ్ళ కంటపడి ఏడాదైంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఏదో ఒక వైద్యం జరుగుతూనే ఉంది.

ముందుగా చేతి మీది మచ్చలు చూసింది కూర్మమ్మ. ఆవిడ పుణ్యవతి తండ్రి సూరయ్యకి అక్క, అంటే పిల్లకి మేనత్త. భర్త పోయాక తమ్ముడి ఇంటికొచ్చింది, వస్తూ వస్తూ తన మాట మీద అధికారం కూడా వెంట తెచ్చుకుంది.

"అమ్మోరు పోసిందే," అంది. "సూదులు, మాత్రలు అన్నారంటే ఊరుకోను. సల్లగా సాగనంపాల."

తొమ్మిది రోజులు పుణ్యవతిని వేపమండలు పరిచిన గదిలో కూర్చోబెట్టారు. పుస్తకం ముట్టకూడదు, పని చెయ్యకూడదు. ఎన్నడూ లేని తీరిక దొరికేసరికి వేళ్ళకి పండగైంది. పదో రోజు స్నానం చేయించి చూస్తే మచ్చలు రెట్టింపయ్యాయి. అమ్మవారు వెళ్తూ వెళ్తూ చెల్లెల్ని దిగబెట్టి పోయిందని కూర్మమ్మ తేల్చింది.

తరవాత సూరయ్య మందుల షాపు నుంచి పూత మందు తెచ్చాడు. ఆయనకి బజారులో ఎరువుల దుకాణం ఉంది. పైరుకి కొట్టే మందు ఎలా చెబుతాడో అలాగే పొద్దుటా సాయంత్రమూ అన్నాడు. ఆ పూతకి పక్కులు నాని మెత్తబడ్డాయి. మెత్తబడ్డవి ఇంకా సులువుగా ఊడాయి.

మూడోది కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరం. పుణ్యవతి హాజరు బాగా తగ్గిందనీ, ఇంకో నాలుగు రోజులు పోతే పరీక్షకి కూర్చోనివ్వరనీ అందులో రాశారు. అడుగున లెక్చరర్ మేడమ్ తన చేత్తో ఒక మాట కలిపింది: మీ అమ్మాయి తెలివైనది, మనసు డాక్టరుకి చూపించండి.

మనసు డాక్టరు పేరెత్తగానే రెండు రోజులు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మూడో రోజు తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురూ బరంపురం బస్సెక్కారు. ఆ పూట కాసులమ్మ పెరటి తలుపు తాళం పుణ్యవతి చేతికివ్వలేదు. ఇస్తే, సరిగ్గా పడిందా అని చూసి చూసి సాయంత్రం బస్సే అందుతుంది.

డాక్టరుగారు ఒడియా మనిషి. సగం రోగులు తెలుగువాళ్ళే కావడంతో తెలుగు తడుముకోకుండా మాట్లాడతాడు. పుణ్యవతిని గంటసేపు అడిగాడు. ఇంట్లో ఏడాదిగా ఎవరూ అడగని ప్రశ్నలవి. గ్యాసు ఆపలేదేమోనని బెంగ పుట్టినప్పుడు లోపల ఏమవుతుంది, గిల్లుకోబోయే ముందు ఎలా ఉంటుంది, తరవాత ఎలా ఉంటుంది. ఆమె తల వంచుకునే అన్నిటికీ జవాబు చెప్పింది. ఆఖర్న ఆయన కళ్ళజోడు తీసి, ఒడియాలో పిన్నీ అన్న పిలుపుతో కాసులమ్మ వైపు తిరిగాడు.

"మావుసీ, ఇది పిచ్చి కాదు. పొగరూ కాదు. అనుమానం జబ్బు. గిల్లుకోవడం దానికి చుట్టం. రెండిటికీ వైద్యం ఉంది. మాత్ర ఒక దారి, సాధన ఒక దారి. బాగా ముదిరితే రెండూ కలిపి. మీ అమ్మాయిది మధ్యలో ఉంది. ఏ దారిలో మొదలుపెట్టినా మంచిదే, దేనికైనా కొన్ని వారాలు ఓపిక పట్టాలి. ఏది కావాలో మీరే చెప్పండి."

డాక్టరు నోట సూరయ్య ఇలాంటి మాట ఎన్నడూ వినలేదు. డాక్టరన్నవాడు చీటీ రాయాలి, గదమాయించాలి, పంపించాలి. ఏది కావాలని అడగడానికి ఇదేమైనా చీరల కొట్టా?

డాక్టరు పుణ్యవతిని చూశాడు. "నీకేదమ్మా?"

ఆమె నోరు విప్పేలోపు సూరయ్య అందుకున్నాడు. "ఇంటికెల్లి ఆలోసించి సెప్తాం బాబూ."

"గురువారం రండి," అన్నాడు డాక్టరు.

పక్క గదిలో కౌన్సిలర్ అమ్మాయి సాధన అంటే ఏమిటో చెప్పింది. గిల్లాలని చెయ్యి వెళ్ళినప్పుడు పిడికిలి బిగించి, ఆ తహతహ దిగేదాకా ఉండాలి. ఎప్పుడెప్పుడు వెళ్ళిందో కాగితం మీద రాసుకోవాలి. బెంగ పుట్టినా వెనక్కి వెళ్ళి చూడకూడదు. చూడకపోతే బెంగ పెరిగి పెరిగి దానంతటదే దిగుతుంది. అలా దిగుతుందని ఒంటికి తెలియడమే వైద్యం. వారం వారం వస్తే పక్కనుండి చేయిస్తానంది.

"ఇంకొకటమ్మా," అని కాసులమ్మ చెయ్యి పట్టుకుంది. "గ్యాసు కట్టేశానా అంటే మీరు జవాబు చెబుతున్నారు కదా? అది మానాలి. ఒక్కసారిగా వద్దు. అమ్మాయి సరేనంటే మూడుని రెండు చేద్దాం, రెండుని ఒకటి చేద్దాం."

కాసులమ్మ తల ఊపి బయటికొచ్చింది. బస్సెక్కాక అసలు మాట బయటపడింది.

"కన్నకూతురు అడిగితే బెల్లంకొట్టిన రాయిలాగ కూకోవాలా? అదేటి వైద్యం మావా?"

పుణ్యవతి కిటికీ పక్కన కూర్చుని పిడికిలి బిగించి, విప్పి, మళ్ళీ బిగించి చూసుకుంటోంది. ఎవరూ గమనించలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర పంచాయితీ మొదలైంది.

"ఇరవయ్యేళ్ళనించి ఎరువులమ్ముతన్నాను," అన్నాడు సూరయ్య. "ఆకు పసుపు తిరిగిందని రైతొస్తే, బాబూ నీకు యూరియా ఇష్టమా, జింకు ఇష్టమా అని అడుగుతానా? ఇదెయ్యి, ఎల్లు అంటాను. అంత సదివిన డాక్టరుకే తేలకపోతే మనకేటి తేలుతాది?"

"రెండూ మంచియ్యే అన్నాడు గదా," అంది కాసులమ్మ.

"రెండూ మంచియ్యని కొట్టువోడు ఎప్పుడంటాడో నాకు తెలీదా? రెండూ అమ్ముడవకపోతే అంటాడు. నానైతే మాత్రే అంటాను. కంటికి అవపడతాది, సేతికి తగులుతాది. నోరు మూసుకోడం మందెలాగవుద్ది?"

కూర్మమ్మ మజ్జిగ పోసుకుంటూ అంది. "నోరు మూసుకోడమే వైద్యమైతే మా అత్త నాకు ముప్పయ్యేళ్ళు ఉచితంగా సేసింది. ఏ రోగం తగ్గింది?"

పుణ్యవతికి నవ్వొచ్చింది కాబోలు, గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. జబ్బు ఆమెదైనా వైద్యం ఇంటిది.

అసలు చిక్కు కాసులమ్మది. మాత్రలంటే ఆవిడకి భయం. పిల్ల మొద్దులా పడి నిద్రపోతుందేమో, వాటికి అలవాటు పడిపోతుందేమో. అలాంటిదేమీ ఉండదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ఇక సాధన అంటే అంతకన్నా పెద్ద భయం. పిల్ల పదో తరగతి నుంచీ రోజూ మూడు జవాబులు. ఇంకెవరు చెప్పినా పుణ్యవతికి చెల్లదు. తండ్రి గొంతు బండది, అత్త గొంతులో వెటకారం ఉంటుంది. తల్లి గొంతే కావాలి. ఊళ్ళో ఎంతమంది తల్లులకి దక్కింది అలాంటి అవసరం? అది మానెయ్యమంటే ఈ ఇంట్లో తనకిక పప్పు ఏరుకోవడమే మిగులుతుంది. ఈ మాట ఆవిడ పైకి అనలేదు. లోపలైనా సరిగ్గా అనుకోలేదు. తేల్చుకోలేకపోతున్నానని మాత్రం అందరితోనూ అంది.

పక్కింటి కోమటి మామ్మనడిగింది. మాత్రే మంచిదంది మామ్మ. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, మళ్ళీ వెళ్ళి మాత్రేనా అని అడిగింది. పాలవాణ్ణి అడిగింది. అస్కాలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి అడిగింది. వాడు సాధన అన్నాడని, ఎందుకన్నావని అడగడానికి మళ్ళీ చేసింది. సోమవారం పొద్దున్న క్లినిక్కి ఫోన్ చేసింది.

"రెండూ మంచివేనమ్మా," అంది కౌన్సిలర్ అమ్మాయి. "మీరు నిన్న కూడా చేశారు."

"సేసేనమ్మా. ఇయాల కూడా అంతేనా అని."

"ఇవాళ కూడా అంతేనమ్మా."

కాసులమ్మకి ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయి కూర ఉడికేదాకా ఉంది. కూర దించేటప్పటికి మళ్ళీ ఫోన్ వైపు చూసింది.

మంగళవారం సాయంత్రం, ఇక మనుషుల వల్ల కాదని అమ్మవారి దగ్గరికి బయల్దేరింది. ఊరి చివరి గుడిలో పూవు అడగడం అక్కడి వాళ్ళకి అలవాటు. అమ్మవారి ఒక భుజం మీద ఒక పూవు, రెండో భుజం మీద ఇంకో పూవు తడిపి పెడతారు. ఏది ముందు జారితే అదే అమ్మవారి మాట. పెళ్ళి సంబంధాలు, బోరు బావులు, పొలం కొనుగోళ్ళు అలాగే తేలతాయి. పుణ్యవతి కూడా వెంట వచ్చి గుడి మెట్టు మీద కూర్చుంది.

పూజారి పైడయ్య ముసలాయన. సంగతంతా విని ఎర్ర మందారం మాత్రకీ, తెల్ల నందివర్ధనం సాధనకీ పెట్టాడు.

కాసేపటికి తెల్ల పూవు జారింది.

"సాధన," అన్నాడు పైడయ్య.

"గాలికి పడినాదేమో పైడయ్య బావా," అంది కాసులమ్మ. "ఇంకోసారి సూడు."

ఇంకోసారి పెట్టాడు. ఈసారి అగరొత్తి పొగ గొంతుకి తగిలి కాసులమ్మ దగ్గుతుండగా ఎర్ర పూవు పడింది.

"అద్గదీ. ఇంకోసారి సూస్తే తేలిపోతాది."

మూడోసారి తెల్లది పడింది. ఆవిడ మొహంలో తేలినట్టు లేదు. కొంగుతో చెమట తుడుచుకుని నాలుగోసారికి చేతులు జోడించింది. పైడయ్య పూలు రెండూ తీసి పళ్ళెంలో పెట్టేశాడు.

"ఒకసారడిగితే అడగడం. రెండోసారి అనుమానం. నాలుగోసారంటే అమ్మోరు నిన్ననదు, నన్ను తిడతాది. ఇంతకీ కాసులమ్మా, జబ్బు ఎవులికన్నావు?"

మెట్టు మీది నుంచి పుణ్యవతి నెమ్మదిగా అంది.

"అమ్మా, రెండోసారి నువ్వు దగ్గేవు. అది సెల్లదు. మళ్ళీ మొదటినించీ అడగాల."

పైడయ్య పెద్దగా నవ్వాడు. నవ్వాలో కోప్పడాలో కాసులమ్మకి తెలియలేదు. రెండు పూలూ కొంగున ముడేసుకుని బయటికి నడిచింది.

దారిలో తల్లీ కూతుళ్ళకి చెరుకు బండి ఒకటి ఎదురైతే పక్కకి తప్పుకున్నారు. అప్పుడు పుణ్యవతి అంది.

"నాకు సాధనే కావాలమ్మా. అది సాలకపోతే మాత్ర కూడా ఏసుకుంటాను. నాకేటి బయం నేదు."

"నిన్నెవులడిగేరే?" అనేసింది కాసులమ్మ. కోపంగా అనలేదు, అలవాటుగా వచ్చింది. కానీ ఆ మాట నోట్లోంచి పడ్డాక నాలుగడుగులు వేసి ఆగిపోయింది. నిజమే, ఎవరడిగారు? పాలవాణ్ణి అడిగింది. దేవతని మూడుసార్లు అడిగింది.

"నాను సెప్పే జవాబు నీకు మంచి సెయ్యటం నేదా మరి?" అంది మళ్ళీ నడక మొదలుపెడుతూ.

"సేస్తాదమ్మా. నువ్వు కట్టీసేవన్నప్పుడు అర నిమిషం ప్రాణం సల్లబడతాది. తరవాత మళ్ళీ ఆకలేస్తాది. ఎంత పెట్టినా అంతే." అని తల్లి కొంగున ఉన్న ముడి వైపు చూసింది. "నీకూ తెలుసు గదా ఇప్పుడు."

ఇంటికి వెళ్ళేసరికి సూరయ్య తేల్చేసి ఉన్నాడు. దుకాణానికొచ్చిన నలుగురు రైతుల్ని అడిగాడట, నలుగురూ మాత్రే అన్నారట. గురువారం తొమ్మిది గంటల బస్సుకి వెళ్దామనీ, డాక్టరుతో తానే మాట్లాడతాననీ, పుణ్యవతి ఆ పూట కాలేజీ మానుకోవాలనీ చెప్పాడు.

"నాలుగు రోజుల్లో ఒకటి పోద్ది నాన్నా," అంది పుణ్యవతి.

"జబ్బు తగ్గితే మిగతా మూడూ పోవులే," అన్నాడు ఆయన. తన మాటలో లెక్క సరిగ్గానే కుదిరిందనిపించి తృప్తిగా దుకాణానికి వెళ్ళిపోయాడు. మాత్ర పనిచెయ్యడానికి వారాలు పడితే, శుక్రవారం నుంచి ఆ మూడు జవాబులకి దాటిపోయే బస్సుల సంగతేమిటని ఆయనకి తట్టలేదు.

గురువారం పొద్దున్న కాసులమ్మ చేటలో మినప్పప్పు ఏరుతోంది. అదే పప్పు. సూరయ్య కొట్టు తాళాలు పట్టుకుని అప్పటికే వెళ్ళాడు, ఎనిమిదిన్నరకి వస్తానన్నాడు. కూర్మమ్మ అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటోంది.

వంటింట్లో గ్యాసు పొయ్యి మీట తిరిగిన టక్కుమనే చప్పుడు వినిపించింది. తరవాత బండ మీది మీట. కాసులమ్మ వేళ్ళు ఆగాయి. మొదటి జవాబు నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

ప్రశ్న రాలేదు.

పుణ్యవతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భుజాన సంచి ఉంది. సంచి నోట్లోంచి డాక్టరుగారి ఫైలు పసుపురంగు అంచు కనిపిస్తోంది. సూరయ్య అనుకున్న తొమ్మిది గంటల బస్సు కాదు, రోజూ కాలేజీకి ఎక్కే ఏడు గంటల బస్సుకి ఇంకా అయిదు నిమిషాలుంది. ఆమె కళ్ళు వంటింటి వైపే ఉన్నాయి. రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి, పాదాలు గడపకి అంటుకున్నట్టు నిలబడి ఉంది. నుదుటి మీద చెమట బొట్టుగా నిలిచింది.

"ఏటే, ఇయాల అడగవా?" అరుగు మీది నుంచి కూర్మమ్మ కేకేసింది. "కాసులూ, పిల్లకి సెప్పవే, కట్టీ..."

కాసులమ్మ చెయ్యి ఎత్తి వదినని ఆపింది. వదినని ఆపగలిగింది గాని, తన నోటిని ఆపడం కష్టంగా ఉంది. కూతురు అడగకపోయినా చెప్పెయ్యాలని ఉంది. ఒక్కటంటే ఒక్కటి. మూడుని రెండు చేద్దామన్నారు, రెండుని ఒకటి చేద్దామన్నారు. ఒకేసారి సున్న చెయ్యమని ఎవరూ అనలేదే. 'క' అనే అక్షరం పెదవుల దాకా వచ్చింది. ఆవిడ చేటలోంచి గుప్పెడు పచ్చి పప్పు తీసి నోట్లో పోసుకుంది.

పుణ్యవతి తల్లిని చూసింది. బుగ్గలు ఉబ్బి, కళ్ళలో నీళ్ళు నిండి, ఏరిన పప్పు నోటినిండా పెట్టుకుని కూర్చున్న తల్లిని ఒక్క క్షణం చూసింది. మలుపు దగ్గర బస్సు హారన్ మోగింది.

పుణ్యవతి చెప్పులు వేసుకుంది. ఒక పిడికిలి విప్పి సంచి సర్దుకుంది, రెండోది అలాగే ఉంచుకుంది. గడప దాటింది, మెట్లు దిగింది, కూర్మమ్మని దాటింది. వీధి గేటు వెయ్యబోయి ఒకసారి ఆగింది. గేటు ఒక్కసారే వేసి, గడియ తిరిగి చూడకుండా, ఎవరికీ ఒక్క మాటా చెప్పకుండా వెళ్ళిపోయింది.